మా గల్లీ కద్దూ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదని నా గట్టి నమ్మకం. పత్తర్‌గట్టి బట్టల దుకాణంలో బిల్లులు రాసే ఉద్యోగం కొత్తగా వచ్చింది, ఫోన్లో మిద్దెతోటల వీడియోలు చూస్తున్నాను, ఇంకేం కావాలి? చాంద్రాయణగుట్ట వెనక గల్లీలో మాది బర్రెల ఇల్లు. పేడకు కొదవ లేదు, మిద్దే లేదు (మా ఇంటి మీద రేకులు, రేకుల మీద పిల్లులు). పక్కింటి ఖాలాకేమో (మన పిన్ని అన్నట్టు పిలుపు) విశాలమైన మిద్దె. బతిమాలితే షరతు పెట్టింది. మనవరాలికి అక్షరాలు దిద్దించే బిస్మిల్లా దావత్‌కు, ఖీరు వండడానికి సరిపడా కద్దూలు ఆ మిద్దె మీదే కాయాలి. కాయకపోతే నేను మట్టి నింపి పెట్టుకునే డ్రమ్ములు దించేసి, షెడ్డు వేసి కిరాయికిస్తుంది. సొరకాయకు ఇంత ఫికరా అనుకుని ఒప్పేసుకున్నాను.

బేగంబజార్లో ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చిన సేఠ్‌ను కద్దూ విత్తనాలు దర్జాగా అడిగాను. కద్దూ అంటే మా పాతబస్తీలో సొరకాయ, ఆయన ఊళ్లో గుమ్మడికాయ. ఆ సంగతి నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు. గింజలు చూస్తే తెలియదా అంటారేమో (వీడియోలో అంత దగ్గరగా చూపించలేదు).

మా బర్రెల పేడ తిన్న పాదు ఆగుతుందా? ఇటు పిట్టగోడ దాటి దర్జీ భాయ్ మిద్దెకు, అటు దాటి ఆస్పత్రిలో పనిచేసే సిస్టరమ్మ మిద్దెకు పాకింది. నేను గల్లీ అంతా గొప్పలు చెప్పుకుంటున్న వేళ పసుపుపచ్చటి పూలు విచ్చుకున్నాయి. ఖాలా వాటిని చూసి, నన్ను చూసింది.

"కద్దూకు తెల్లపూలు పూస్తయ్ బేటీ. ఇదేంది?"

నా ప్రాణం పోయినంత పనైంది. బాపును అడిగితే, "బర్రెలకు పెట్టు బిడ్డా, మస్తు తింటయ్" అని ధైర్యం చెప్పాడు. సొరకాయలు కాయించే టైము లేదు. కాసిన గుమ్మడికాయలేమో మూడు మిద్దెల మీద పడి ఉన్నాయి, మా వైపు కాసింది మాదేనని దర్జీ భాయ్, సిస్టరమ్మ లొల్లి పెట్టుకుంటున్నారు. నేను వెళ్లి గుమ్మడికాయలతోనైనా ఖీరు కానిద్దాం, లేకపోతే తోట పోతుందని ఏడ్చినంత పని చేశాను. దావత్ రోజు పొద్దున ఇద్దరూ కాయలతో, కత్తిపీటలతో దిగారు. మా అమ్మ పాలబిందె తెచ్చింది. నలుగురం కూర్చుని తరిగాం, తురిమాం. ఖాలా మాత్రం పొయ్యి మీది పెద్ద దేగ్చా గిన్నె దగ్గర నిలబడి కలుపుతూనే ఉంది. ఖీరు బంగారం రంగుకు తిరిగింది.

మొదటి కప్పు తిన్న పెద్దావిడ అడిగింది, ఇంత జాఫ్రాన్ (అదే, కుంకుమపువ్వు) వేశారా అని.

ఖాలా నా వైపు ఒకసారి చూసి, నిదానంగా అంది: "మనవరాలి దావత్‌ల కంజూసీ చేస్తమా?"

దేగ్చా అడుగు దాకా ఊడ్చుకుపోయారు. అందరూ వెళ్లాక నా చేతిలో కప్పు పెట్టి, "డ్రమ్ములు ఉండనీ. వచ్చే ఏడు గూడ గదే తప్పు గింజ తే" అంది. ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం ఇప్పటికీ దిగలేదు.

ఇప్పుడు మా గల్లీలో డ్రమ్ము లేని మిద్దె లేదు. పాతబస్తీ అంతటా కద్దూ అంటే సొరకాయే, మా గల్లీలో మాత్రం గుమ్మడికాయ. కొత్త కోడళ్లు వచ్చి తికమకపడుతుంటే నాకు లోలోపల ఆనందం. నేనిప్పుడు గింజలు అరచేతిలో పోసుకుని, పేరు రెండు భాషల్లో అడిగి మరీ కొంటాను. పొరపాటన్నదే జరగదు. అన్నీ తెలుసనుకున్న ఆనాటి పిల్లయితే అడిగేదే కాదు, ఎంత హాయిగా బతికిందో.