సెలైన్ కట్టేసిన చెయ్యి

ఇవాళ ఉదయం ఓపీ బయట ఒక ముసలామె అడ్డపొగ పీలుస్తూ కూర్చుంది. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకునే మా సముద్రపొడ్డు అలవాటు. ఆ ఘాటు ముక్కుకు తగిలేసరికి కాళ్లు ఆగిపోయాయి. ముందు పోలమ్మ గుర్తొచ్చింది, వెంటనే సన్యాసిరావు గారు. ఆయన రక్తనాళాల సర్జను, నాకు పని నేర్పిన మనిషి. మెత్తగా మాట్లాడడం ఆయనకు రాదు.

పోలమ్మది శ్రీకూర్మం అవతల చేపల ఊరు. చుట్ట పీల్చీ పీల్చీ పొట్టలోని పెద్ద ధమని బుడగలా ఉబ్బి, చిట్లింది. ఆమెను విజయనగరంలో మా ఆసుపత్రికి తెచ్చేసరికి బీపీ డెబ్బై. అప్పుడు నేను జూనియర్ని, సన్యాసిరావు గారు ఇంకా దారిలో ఉన్నారు. కంగారులో రెండు చేతులకీ సెలైన్లు పెట్టి పూర్తిగా వదిలేశాను. సీసా మీద సీసా పోయింది, బీపీ పెరిగింది. మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన వస్తూనే రెండూ కట్టేశారు. ఓలమ్మో, ఈయన మనిషిని చంపేస్తున్నాడనుకున్నాను.

"మాటాడతన్నాది కదా, అది సాలు. బీపీ పెంచితే సిల్లు పెద్దదవుతాది," అన్నారు.

పొట్ట కొయ్యలేదు. పూర్తి మత్తు కూడా ఇవ్వలేదు. గజ్జల్లో చర్మం మొద్దుబార్చి, పెన్సిల్ పట్టేంత దారిలోంచి గుడ్డ తొడిగిన గొట్టాన్ని ధమనిలోకి పంపి, చిట్లిన చోట లోపలే విప్పారు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. మాట తడబడితే మెదడుకు రక్తం తగ్గినట్టేనని, ఆయన ఆమెను మాట్లాడిస్తూనే ఉన్నారు. ఆమె కోడల్ని తిట్టింది, చేపలు ఎండబెట్టడం నేర్పింది. ఎక్స్‌రే తెర మీద చూస్తే రక్తం కారడం ఆగింది. ఇంటికెల్లిపోనా బాబూ అని అడిగింది.

మర్నాటికి పొట్ట బిర్రబిగిసింది, మూత్రం ఆగిపోయింది. అప్పుడు పొట్ట తెరిచినా లాభం లేకపోయింది. సాయంత్రం పోలమ్మ పోయింది. గొట్టం చక్కగానే ఉంది. చిట్లినచోట చేరిన రక్తానికి నేనెక్కించిన నీరు తోడై లోపలంతా వాచిపోయిందని సన్యాసిరావు గారు చెప్పారు. కేకలెయ్యలేదు.

"ఆల్ల కొడుక్కి నువ్వే సెప్పు," అన్నారు.

నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. కొడతారేమో సార్ అన్నాను. పక్కనే ఉంటాను, పద అన్నారు.

నేనెక్కించిన నీళ్ల సంగతితో సహా చెప్పాను. కొడుకు అంతా విన్నాడు. తర్వాత తన సంగతి చెప్పాడు. తల్లికి పొట్టనొప్పి వస్తే బొడ్డు జారిందనుకుని, బొడ్డు మీద దీపం పెట్టి చెంబు బోర్లించారట. తగ్గకపోతే రెండు రోజులు ఆముదం రాసి పొట్ట పట్టారట.

"నానే గట్టిగా నొక్కినాను డాక్టరమ్మా. అమ్మ వద్దురా అంటన్నాది. ఎవులికీ సెప్పనేదు."

సన్యాసిరావు గారు మా ఇద్దర్నీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి, మధ్యలో తాను కూర్చున్నారు.

ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఆ గొట్టాలు నేనే వేస్తున్నాను. చాలామంది నడుచుకుంటూ ఇంటికి వెళ్తున్నారు. పోయినవాళ్ల మనుషుల దగ్గరికి మాత్రం జూనియర్లను పంపను. నేనే వెళ్తాను, మా వైపు తప్పుంటే ముందు అదే చెబుతాను. చెప్పేసి వెంటనే వచ్చెయ్యను. పక్కన కూర్చుంటాను. వాళ్ల లోపల కూడా ఏదైనా ఉంటే, అది బయటికి వచ్చేదాకా లేవను.