చెరువులో స్టేషన్ దీపాలు

పోయిన నెల ఒక పొద్దున అక్క ఫోన్ చేసింది. “తమ్మీ, మీ బావ లేడురా. నిద్రలనే పోయిండు.” చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. తాను తీసిన ఒక గొప్ప ఫొటోను బాగుందని ఒక్కసారైనా ఒప్పుకోకుండానే వెళ్లిపోయాడు.

మహబూబాబాద్‌లో బావకు ఫొటో స్టూడియో ఉండేది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీ మూతపడితే ఆ ఖాళీలో కెమెరా పట్టడం నేర్చుకున్నాడు. పగలంతా పెళ్లిళ్లూ, దరఖాస్తు ఫొటోలూ. మనసు మాత్రం ఊరి బయటి చెరువు మీదే. చీకటి పడ్డాక రైల్వే స్టేషన్ దీపాలు ఆ నీళ్లలో నిలువునా దిగేవి. వాటిని ఉన్నదున్నట్టు ఫొటోలో పట్టాలని ఆయన పంతం. వెలుతురు చాలదు కనుక షట్టర్ అరనిమిషం తెరిచి ఉంచాలి. ఆ అరనిమిషం నీళ్లు కదలకూడదు. ఒకరోజు గాలి, ఒకరోజు కరెంటు కోత. అన్నీ కుదిరిన రోజు నీళ్లలోకి బర్రె దిగింది! నేను విసుక్కుంటే, “నీళ్లను బతిమాలాలె బామ్మర్దీ, బెదిరిస్తె నిలవయి,” అనేవాడు. నాకున్న కాస్త ఓపిక ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఎనభైల మొదట్లో ఒక చలికాలపు రాత్రి నీళ్లు నిలిచాయి. ఐదారు ఫొటోలు తీసి బావ ఒక్కడే కట్ట దిగుతుంటే గస్తీ పోలీసులు ఆపారు. చీకట్లో సంచీతో కనిపించిన ప్రతివాడినీ నక్సలైటని అనుమానించే రోజులవి.

“చీకట్ల ఫొటోలేంది? ఎవలకోసం తీస్తున్నవ్?”

నీళ్ల కోసమంటే నవ్వారట. కెమెరా తెరిచి, రోలంతా బయటికి లాగి, టార్చి వేసి చూశారు. వెలుతురు తగిలిన ఫిలింలో ఇంకేం మిగులుతుంది?

తెల్లారి ఠాణాకు వెళ్లి అడుగుదామని నేనంటే వద్దన్నాడు. ఆ తర్వాత చెరువు వైపే పోలేదు. ఏళ్లు గడిచాయి. ఓపిక నశించి ఒకరోజు, “భయమా బావా?” అనేశాను.

“భయం గాదు. గా నీళ్లల్ల సూస్తె నాకు టార్చిలైటే కనవడ్తది.”



చివరికి అక్క పట్టుబట్టింది. “మేమిద్దరం నీ పక్కన నిలవడ్తం. ఎవలొస్తరో సూద్దాం, నడువు,” అని కెమెరా సంచీ తనే భుజాన వేసుకుంది. ముగ్గురం వెళ్లాం. గాలి లేదు. బావ షట్టర్ తెరిచి మెల్లగా లెక్కపెడుతున్నాడు. ఇరవై దాటాడో లేదో, ఆలస్యంగా నడుస్తున్న ఎక్స్‌ప్రెస్ ఒకటి ఆగకుండా స్టేషన్ దాటి పోయింది.

“థూ, కరాబైపాయె!” స్టాండు మడిచేశాడు. అంతే, మళ్లీ తీయలేదు.

బతిమాలితే వారం తర్వాత ప్రింటు వేశాడు. దీపాలన్నీ నీళ్లలో నిలువునా ఉన్నాయి. రైలు కిటికీల వెలుగంతా కలిసిపోయి, వాటిని కలుపుతూ ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే తెల్లని గీత. నేను దాన్ని గుమ్మం వెలుతురులోకి తెచ్చి మళ్లీ మళ్లీ చూశాను. బావ మాత్రం పెదవి విరిచాడు. “గీత వడ్డది. నేనడిగింది గిది గాదు.” స్టూడియో గోడకు పెట్టనివ్వలేదు. ఎన్నిసార్లు వాదించినా ఆయనది అదే మాట.

పదో రోజు చుట్టాలంతా వెళ్లాక అక్క పెట్టె తెరిచి, చీరల అడుగు నుంచి ఆ ప్రింటు తీసింది. ఇన్నేళ్లూ తన దగ్గరే ఉంచుకుందని నాకు తెలియదు. “నాకైతే గిదే మంచిగనిపిచ్చింది. ఆయనకు చెప్పలే,” అంది. ఒళ్లో పెట్టుకుని, నీళ్లలోని ఆ తెల్లగీత వెంట చూపుడువేలు మెల్లగా జరుపుతూ పోయింది.