క్లోమంలో గింజ కోసం తిరుపతి ప్రయాణం

మా ఆయన తాగుతాడని జమ్మలమడుగులో సగం మంది నమ్మేసిన రోజుల్లో ఈ ప్రయాణం మొదలైంది. ఆయన పేరు రత్నం. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు, మా చర్చిలో పెద్ద. కాఫీ తప్ప వేరే అలవాటు లేదు. అయినా పొద్దున్నే గ్రౌండులో తూలుతూ కనిపించేవాడు. ఒకరోజు స్కూలు గోడ పక్కన మేస్తున్న మేకలను ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టబోతుంటే, వాటిని మేపుకునే పెద్దాయన ఇంటికి తీసుకొచ్చి దిగబెట్టి, "మేడం, సారుకు సారా మానిపించండి" అని మెల్లగా చెప్పి పోయాడు.

చర్చి వాళ్లు ఆయన తాగుడు మానాలని ఉపవాస ప్రార్థన పెట్టారు. ఎవరికోసం పెట్టారో చెప్పకపోవడంతో ఈయన కూడా భక్తిగా ఉపవాసం ఉన్నాడు. మధ్యాహ్నానికల్లా పాస్టరు గారి చేతిలోంచి మైకు తీసుకుని అందరినీ "అటెన్షన్" అన్నాడు. ఆ తర్వాత నేను ఆగలేదు. పులివెందులలో నరాల డాక్టరు దగ్గర పేరు రాయించాను.

ప్రొద్దుటూరు నుంచి మా వదిన కాంతమ్మ ముందురోజే వచ్చింది. మా ఆయనకు అక్క. ఎవరైనా ఆకలితో ఉంటే చూడలేని మనిషి. ఆమె ఎక్కడికి పోయినా బెల్లంపాకంలో వేరుశెనగ పప్పులు కలిపి చేసిన చెనిక్కాయల ఉండలు ఒక డబ్బా నిండా వెంట పోతాయి. అక్కడ రక్తం తీస్తారేమోనని నేను మా ఆయనను ఏమీ తిననివ్వలేదు. దానికి వదిన నాతో బస్టాండు దాకా మాట్లాడలేదు.

పొద్దున ఆరు గంటల బస్సు ఎక్కాము. ముద్దనూరు మీదుగా పోతుంది. ఈ దారిన పోయేవాళ్లు కుడివైపు కూర్చుంటే ఎండ తప్పించుకోవచ్చు అని రాద్దామనుకున్నాను గానీ, మేము కూర్చున్నది తక్కువ. ముద్దనూరు ఇంకా రాలేదు, మా ఆయన నుదుటి మీద చెమటలు పట్టాయి. చేతులు వణుకుతున్నాయి. మెడలో వేలాడే విజిల్ నోట్లో పెట్టుకుని ఊదాడు. డ్రైవరు బస్సు ఆపాడు. రెండుసార్లు ఊదాడు, బస్సు కదిలింది. మళ్లీ ఒకసారి ఊదాడు.

కండక్టరు వెనక నుంచి పరుగున వచ్చాడు. "నా బస్సులో విజిలేసేదానికి నువ్వెవరప్పా?"

"అందరూ దిగండి! వరసలో నిలబడండి!" అన్నాడు మా ఆయన. పాతికేళ్లు గ్రౌండులో అరిచిన గొంతు అది. సగం బస్సు దిగింది. టికెట్ల తనిఖీ అనుకున్నారట. టికెట్లు చేతుల్లో పట్టుకుని రోడ్డు పక్కన వరసగా నిలబడ్డారు. ఒక ముసలామె తన టికెట్ దొరక్క కొంగు ముడి, సంచి, రవిక అన్నీ వెతుక్కుంటూ, "తీసుకున్యా నాయనా, దేవుని తోడు తీసుకున్యా" అని ఏడుపు ముఖం పెట్టింది. మా ఆయన వాళ్లను ఎత్తు ప్రకారం సర్దాడు. గొడవ పెట్టుకోవడానికి దిగిన కండక్టరు పొట్టిగా ఉండడంతో అందరికంటే ముందు నిలబడాల్సి వచ్చింది.

నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. ఆయన నావైపు చూసి, "ఈ టీచరు ఏ స్కూలు?" అని కండక్టరును అడిగాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను తిట్టాడు, అలిగాడు గానీ ఎవరో తెలియకుండా చూడడం అదే మొదటిసారి. వదిన మాత్రం నన్నూ పట్టించుకోలేదు, వరసనూ పట్టించుకోలేదు. డబ్బా తెరిచి ఒక ఉండ ఆయన నోట్లో కుక్కింది. అది నమిలాక ఇంకొకటి. కాసేపటికి ఆయన నిదానంగా చుట్టూ చూశాడు.

"సుగుణా, ఈడ ఎందుకు దిగినాము? వీళ్లంతా ఏంది, ఇట్ల నిలబడినారు?"

టికెట్ దొరికిన ముసలామె బస్సు ఎక్కుతూ నా భుజం తట్టింది. "పొద్దున్నే తాపించొద్దు తల్లీ. సాయంత్రమైతే ఎట్లనో సర్దుకోవచ్చు."

పులివెందులలో దిగేసరికి ఆయన ఎప్పటి మనిషే. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాము. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. తలకు తీసిన స్కాను బాగుంది, రక్తంలో చక్కెరా బాగుంది. మూర్ఛ మందు రాయబోతూ, బస్సులో ఏం జరిగిందో మళ్లీ మొదటి నుంచి చెప్పమంది. నేను చెప్పాను. వరస దగ్గర ఆమెకు నవ్వు ఆగలేదు. ఉండ దగ్గరికి వచ్చేసరికి నవ్వు పోయింది.

"తిన్న తర్వాత మామూలుగా అయ్యారా? ప్రతిసారీ అంతేనా?"

నేను ఆలోచించాను. ఇంట్లో కాఫీ తాగాక సర్దుకునేవాడు. చర్చిలో భోజనాలయ్యాక మైకు ఇచ్చేశాడు. మేకల రోజు నేను చక్కెర నీళ్లు ఇచ్చాను. ప్రతిసారీ ఏదో ఒకటి పెట్టాకే మనిషి తిరిగి వచ్చాడు. పైగా గంటగంటకూ నీరసమని తింటూ తింటూ, రోజూ పరుగెత్తే మనిషి, రెండేళ్లలో ప్యాంట్లన్నీ పట్టనంత లావయ్యాడు.

ఆమె రాస్తున్న కాగితం చించేసింది. "ఇది నరాల జబ్బు కాకపోవచ్చు. వేలు గుచ్చి చక్కెర చూసే మిషను కొనండి. ఈసారి అలా అయినప్పుడు ముందు చూడండి, చూసిన వెంటనే చక్కెర నీళ్లు పట్టండి. తక్కువ వస్తే తిరుపతికి వెళ్లాలి."

మిషను కొనుక్కుని ఆ రాత్రికి ప్రొద్దుటూరులో వదిన ఇంటికి చేరాము. తెల్లవారి లేచేసరికి మా ఆయన చొక్కాలో కాళ్లు పెట్టి పైకి లాగుతున్నాడు. వేలు గుచ్చాను. మిషను ముప్పై ఆరు చూపించింది. చక్కెర నీళ్లు పడుతూ భయంతో నేను గట్టిగా చెప్పిన ఆ అంకె వీధి దాకా వినిపించింది.

ఎదురింటి బంగారం అంగడాయన పంచె సర్దుకుంటూ వచ్చాడు. "ముప్పై ఆరా! నాది మూడు నూర్లకు దిగేదే ల్యా. మాస్టరూ, ఏం తింటాండావప్పా?"

చక్కెర జబ్బున్న వాళ్లే ఇంకో ఇద్దరు చేరారు. వాళ్లిద్దరూ కొర్రలు, మెంతులు, కాకరకాయ రసం అన్నీ చూసినవాళ్లే. ఇది జబ్బు అని నేను ఎంత చెప్పినా ఒక్కరూ వినలేదు. "ఉండలు తింటాడు, బెల్లంతో చేసినవి" అని వదిన ఉన్నమాట చెప్పింది. వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఇంత మంచి మందు దాచుకుంటున్నామని బంగారం అంగడాయన ఇప్పటికీ మాతో ముభావంగానే ఉంటాడు.

ఏడు దాటాక తిరుపతి బస్సు దొరికింది. కడపలో టిఫిన్‌కు ఆపారు. రాజంపేట, కోడూరు దాటేదాకా ఆయనకు గంటకొకసారి ఏదో ఒకటి పెడుతూనే ఉన్నాము. మధ్యాహ్నానికి చేరి, పెద్దాసుపత్రి వెనక వీధిలో ఒక గది తీసుకున్నాము. ఈ పని మీద వచ్చేవాళ్లు పొయ్యి ఉన్న గది చూసుకోండి. ఎన్నాళ్లు ఉండాల్సి వస్తుందో ఎవరూ చెప్పలేరు.

అక్కడి డాక్టరు నిదానస్తుడు. పులివెందుల కాగితం రెండుసార్లు చదివి, ఆయనను వార్డులో చేర్చుకుని ఏమీ పెట్టకుండా ఉంచాలన్నాడు. అవసరమైతే మూడు రోజుల దాకా. నీళ్లు మాత్రం తాగొచ్చు. చక్కెర పడిపోయి మతి తప్పినప్పుడు రక్తం తీసి, అందులో ఇన్సులిన్ ఎంత ఉందో చూడాలి.

వదిన కుర్చీలోంచి లేచింది. "మతి తప్పకుండా చేయమని వస్తే, మతి తప్పిందాకా పస్తు పెడతావా సామీ?"

"మా కళ్ల ముందే తప్పాలమ్మా. పక్కనే గ్లూకోజు పెట్టుకునే కూర్చుంటాము" అన్నాడాయన.

అలా మా ఆయనకు పిచ్చి రావాలని అందరం ఎదురుచూడడం మొదలుపెట్టాము. నర్సులు మాటిమాటికీ వచ్చి పేరు అడుగుతారు, నూరు నుంచి వెనక్కి లెక్కపెట్టమంటారు. ఆయన లెక్కపెట్టడమే కాక, తప్పు చెబుతున్న పక్క మంచం మనిషిని సరిదిద్దాడు. ఆ మనిషి భార్య నాతో, "మీ ఆయన శానా బాగుండాడే, ఇంగ ఎందుకు పెట్టుకున్యారు?" అంది. చక్కెర మెల్లమెల్లగా దిగుతూ వచ్చింది. డాక్టర్ల ముఖాల్లో ఆశ కనిపించింది. అంతలో ఉన్నట్టుండి పైకి ఎగబాకింది.

వాళ్లకు అర్థం కాలేదు. మిషను మార్చారు. మళ్లీ గుచ్చారు. ఇంకా పెరిగింది. పెద్ద డాక్టరు వచ్చి మా ఆయన ముఖంలోకి వంగి చూసి, మీసాల్లోంచి చెనిక్కాయ పలుకు ఒకటి తీశాడు.

అందరం వదిన వైపు తిరిగాము.

"వాని కడుపులో పేగులు అరుస్తాంటే నాకు వినపడింది" అంది వదిన. "మీకు వినపడల్యా?"

మర్నాడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈసారి వదినను గదిలోనే ఉంచి, డబ్బా నేను నర్సుకు అప్పగించాను. సాయంత్రం దాటుతుండగా ఆయన మంచం దిగి నిలబడ్డాడు. డాక్టర్లను చూసి, "షూలు ఎవరూ పాలిష్ చేయల్యా!" అని గర్జించాడు. "వచ్చింది, వచ్చింది!" అని ఒక జూనియర్ సంతోషంతో కేకేశాడు. నలుగురు చుట్టుముట్టి రక్తం తీస్తుంటే మా ఆయన వాళ్లకు హాజరు పిలుస్తున్నాడు. వాళ్లు "ప్రెజెంట్ సార్" అంటూనే సిరంజీలు నింపారు. వార్డంతా నవ్వుతోంది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. గ్లూకోజు ఎక్కాక ఆయన నన్ను చూసి, "ఎవరేమన్నారు నిన్ను?" అని అడిగాడు.

ఫలితం వచ్చాక డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. కడుపు వెనక క్లోమం అనే గ్రంథి ఉంటుంది. తిన్నప్పుడు అది ఇన్సులిన్ తయారు చేస్తుంది. ఈయనకు అందులో చిన్న గడ్డ ఒకటి పుట్టి, తిన్నా తినకపోయినా ఇన్సులిన్ చేస్తూనే ఉంది. చాలా అరుదైన జబ్బు. ఇలాంటివి ఎక్కువమందిలో క్యాన్సర్ కావు గానీ, తీసి పరీక్ష చేసేదాకా ఖాయంగా చెప్పలేము.

కష్టమంతా ఆ తర్వాతే వచ్చింది. స్కానులో గడ్డ కనబడలేదు. "ఉంది. ఎక్కడుందో కనబడడం లేదు" అన్నాడు డాక్టరు. మా ఆయన గంభీరంగా తలూపి, "కనబడకపోయినా ఉందని నమ్మేదే గదా సార్ విశ్వాసం" అన్నాడు. డాక్టరు మాత్రం చూసే నమ్ముతానని, నోటి గుండా కెమెరా గొట్టం పంపి లోపలి నుంచి స్కాను చేయించాడు. క్లోమం తోక అనే సన్నటి కొస దగ్గర దొరికింది. వేరుశెనగ గింజంత ఉందన్నారు. ఆ పోలిక వినగానే, తాను పెట్టిన ఉండల్లోని గింజే అక్కడ ఇరుక్కుందేమోనని వదిన ఆ పూట అన్నం తినలేదు. కాదని డాక్టరే వచ్చి చెప్పాల్సి వచ్చింది.

ఆపరేషన్ రోజు పొద్దున సర్జను వచ్చినప్పుడు వదిన అడిగింది. "అది తీసేస్తే వీని కోపం గూడా పోతాదా అప్పా?"

"కోపం క్లోమంలో ఉండదమ్మా."

సర్జను వెళ్లాక మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "బస్సులో నిన్ను ఎవరని అడిగినానంట గదా. అక్క చెప్పింది. నాకు గుర్తు ల్యా సుగుణా. ఆ టైములో నాకేమీ తప్పుగా కనపడదు. లోకమంతా వరస తప్పినట్లుంటాది, నేనొక్కడే సర్దుతాండానని అనిపిస్తాది." చెయ్యి వదలకుండానే, "లోపల నేను లేస్తానో ల్యాదో గాని, లేస్తే ముందు నీ పేరే చెప్తా" అన్నాడు.

తలుపులు మూసుకున్నాక నేను, వదిన బల్ల మీద కూర్చున్నాము. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమె లేచి నిలబడి, మళ్లీ కూర్చునేది. మధ్యాహ్నం ఎప్పుడో సర్జను ఒక చిన్న సీసాతో బయటికి వచ్చాడు. అందులో ఎర్రటి గింజ ఒకటి తేలుతోంది. క్లోమం దెబ్బతినకుండా గడ్డ వరకే తీయగలిగామన్నాడు. వదిన సీసాను వెలుతురుకు పట్టి చూసి, "ఇంత లేవు, నా తమ్మున్ని తాగుబోతును చేస్తివి గదే" అని దాన్ని తిట్టింది.

మా ఆయన కళ్లు తెరిచి నర్సుకు నా పేరు చెప్పాడట. రెండు రోజులు చక్కెర మామూలుకంటే ఎక్కువే వచ్చింది. ఇన్నాళ్లు పడుకున్న మిగతా క్లోమం లేవడానికి కొంత వ్యవధి పడుతుందన్నారు. గడ్డ క్యాన్సర్ కాదని రిపోర్టు వచ్చాక, కుట్లు విప్పి ఇంటికి పొమ్మన్నారు.

తిరుగు ప్రయాణంలో వదిన తిరుపతిలోనే చుట్టాలింట్లో ఉండిపోయింది. మేమిద్దరమే తొమ్మిది గంటల బస్సు ఎక్కాము. కోడూరు దాటాక బస్సు చెడిపోయింది. వెనక వచ్చే బస్సులు నిండి వస్తున్నాయి. దగ్గరలో అంగడి లేదు, మా దగ్గర నీళ్లు తప్ప ఏమీ లేవు. మామిడితోట కంచె పక్కన కల్వర్టు మీద ఆయనను కూర్చోబెట్టాను. పన్నెండయింది. ఒంటిగంట అయింది. నేను రోడ్డును చూడడం మానేసి ఆయన నుదుటినే చూస్తున్నాను. చెమట పట్టినప్పుడల్లా నా పేరు చెప్పమనేదాన్ని. అది ఎండకు పట్టిన చెమటే.

రెండవుతుండగా ఆయన కడుపు మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఏమైంది?" అని లేచి నిలబడ్డాను.

"ఏంది సుగుణా ఇది?" అన్నాడు చిత్రంగా. "లోపల ఖాళీగా ఉన్నట్లుంది. మెలిపెడతాంది. రాగిసంగటి, ఊరిమిండి పచ్చడి తినాలనిపిస్తాంది." కాసేపు ఆ బాధనే గమనిస్తూ కూర్చున్నాడు. "అంతే. ఇంగేమీ కావడం ల్యా."

"దాన్ని ఆకలి అంటారు" అన్నాను.

"ఆకలంటే ఇంతేనా?" అని అడిగాడు.

ఇంతే. రెండేళ్లుగా ఆ మనిషికి ఉత్త ఆకలి వేయలేదు. వేసేలోపే నేనో, వదినో ఏదో ఒకటి నోట్లో పెట్టేవాళ్లం, లేదంటే ఆయన ఈ లోకంలో ఉండేవాడు కాదు. ఇంకో బస్సు దొరికి కడప చేరేసరికి నాలుగు దాటింది. హోటల్లో సంగటి అయిపోయిందన్నారు. మా ఆయనకు కోపం వచ్చింది. అచ్చంగా ఆయన కోపమే. దానికి కారణం ఉంది, నేనెవరో కూడా ఆయనకు బాగా తెలుసు. సర్వరును పిలిచి నా ముఖం చూపిస్తూ, "మా ఇంటామె గూడా పొద్దున్నుంచి ఏమీ తినల్యా, ముందు ఆమెకు పెట్టు" అన్నాడు. అప్పటిదాకా నాకు ఆకలి గుర్తే లేదు.