సుధాకర్ బావ ఊడకుండా కట్టిన మూత

నిన్న పొద్దున అక్క నుంచి మిస్డ్ కాల్.

బ్యాలెన్స్ ఎప్పుడూ నాదే అయిపోవాలి దీనికి, అని సణుక్కుంటూ తిరిగి చేశాను. ఎత్తింది అక్క కాదు. పక్కింటావిడ.

"బాబూ, మీ బావగారు ఇక లేరండీ. విమానం చెరువులో పడిపోయిందటండీ."

ఇది టైప్ చేస్తున్నా నమ్మబుద్ధి కావడం లేదు.

సుధాకర్ బావ మీలో చాలామందికి తెలుసు. ఏలూరులో షెడ్డు. కొల్లేరు చేపల చెరువుల వాళ్ళకి ఫైబర్ పడవలు చేసిచ్చేవాడు. కొన్నేళ్ళుగా అదే షెడ్డులో, ఒక్క మనిషి పట్టే చిన్న విమానం కడుతూ వచ్చాడు.

"పడవకి రెక్కలు పెడితే విమానమేరా బామ్మర్దీ" అనేవాడు.

"కోళ్ళకీ ఉన్నాయి కదా బావా రెక్కలు" అని నేను ఏడిపించేవాణ్ణి.

విమానానికి పైన కానోపీ ఉంటుంది. పైలట్ తల మీదకి వచ్చే పారదర్శకమైన మూత. అక్క దాన్ని మూత అనే అంటుంది. దాని అంచు చుట్టూ గాజు పోగులతో నేసిన గ్లాస్ క్లాత్ పరిచి, రెజిన్ అనే జిగురు పూసి, గట్టిపడ్డాక మళ్ళీ ఇంకో పొర వెయ్యాలి. పోయిన వర్షాకాలం ఆ పనికి రమ్మంటే తాడేపల్లిగూడెం నుంచి బస్సెక్కి వెళ్ళాను.

ఆ గాజు పోగులు చర్మానికి గుచ్చుకోకుండా పడవల పనిలో చేతులకి కొబ్బరినూనె రాసుకోవడం బావకి అలవాటు. ఆ నూనె చేతులతోనే క్లాత్ పరిచాడు. జిడ్డు మీద రెజిన్ పట్టలేదు. మర్నాడు నేను అంచు పట్టుకుని లాగితే, ఉడికించిన గుడ్డు మీద పెంకులా ఊడి నా చేతిలోకి వచ్చేసింది.

నేను నవ్వాను. బావ కూడా నవ్వాడు. టీ తెచ్చిన అక్క మాత్రం నవ్వలేదు.

"గాల్లో ఉండగా ఇలా ఊడితే ఏం చేస్తారండీ?"

అక్క బావ జిడ్డు చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది.

"ఏవండీ, ఈ మూత ఊడకూడదు. తెరుచుకోకూడదు. ఒట్టెయ్యండి."

వేశాడు.

తర్వాత షెడ్డులో కొబ్బరినూనె కనబడలేదు. అంచంతా గీకి, కడిగి, గ్లవుజులేసుకుని మళ్ళీ మొదలెట్టాడు. ఒక పొర, ఇంకో పొర, చాల్లే బావా అన్నా ఇంకో పొర.

చివరికి లోపల కూర్చుని, గొళ్ళెం పెట్టుకుని, అక్కని లాగమన్నాడు. అక్క అంచున వేళ్ళు పెట్టి రెండు చేతులా గుంజింది. కదల్లేదు. అప్పుడు నవ్వింది.

నాకే ఎందుకో భయమేసింది. లోపల బావ ఏదో అంటున్నాడు. పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం బయటికి రావడం లేదు.

దిగగానే అడిగాను, బయట నుంచి తియ్యడానికి హ్యాండిల్ ఏది బావా అని.

"పైన, బయట నుంచి తీసేదెవర్రా, గూడబాతులా? తర్వాత పెడదాంలే."

నిన్న అసలు ఎగరడానికి కాదు. ఎండాకాలం కదా, నీళ్ళు తోడేసి ఎండబెట్టిన చెరువులో, ఊరికే నేల మీద పరిగెత్తించి చూద్దామని తీసుకెళ్ళాడు.

అది లేచింది. గట్టు దాటి పక్క చెరువులో పడింది.

నడుం లోతు నీళ్ళు. అంతే.

తలకి దెబ్బ తగిలి స్పృహ లేదు, కింద నుంచి నీళ్ళు నిండుతున్నా లోపలి గొళ్ళెం తీసుకోలేకపోయాడు. చేపలు పట్టేవాళ్ళు దూకి చుట్టూ చేరారు. వాళ్ళలో బావ దగ్గర పడవ కొన్నాయన ఒకరున్నారు. హాస్పిటల్ బయట నా చెయ్యి వదల్లేదు.

"పట్టుకుని లాగడానికి ఏమీ దొరకలేదు బాబూ. పడవ గెడలతో కొట్టినా పగల్లేదండీ. ఎంత గట్టిగా చేసుకున్నారండీ."

అప్పట్నుంచీ అక్కది ఒకటే మాట.

"ఒట్టేయించుకుంది నేనే కదరా."

ఇంటికి వచ్చే ఫ్రెండ్స్‌కి ఒక రిక్వెస్ట్. ఎలా జరిగిందని అక్కని అడక్కండి, ప్లీజ్. ఏదున్నా నన్నడగండి.

బావా, ఒట్టు నిలబెట్టుకున్నావు. ఇక చాలు.

ప్రభువు దగ్గర హాయిగా పడుకో.