తోడల్లుడి కన్నా పెద్ద స్క్రీను

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో లేతు మిషను ఉంది. రొయ్యల చెరువుల్లో నీటిని చిలికే ఏరియేటర్లకు ఇరుసులు చేసి ఇస్తాను. మిషనుకు కంప్యూటర్ తగిలించాక కొలతలన్నీ స్క్రీను మీదే చూసుకోవాలి. ఆ స్క్రీను నిరుడు వానల్లో చెడిపోయింది.

అమలాపురంలో మా తోడల్లుడికీ ఇలాంటి షెడ్డే ఉంది. నాకంటే చిన్నవాడు, పని నా దగ్గరే నేర్చుకున్నాడు. అతని గోడ మీద మాత్రం పెద్ద టీవీ అంత స్క్రీను. దాని పక్కన నిలబడి అతను దిగిన ఫోటోను మా ఆవిడ ఫోనులో అందరికీ చూపించింది. "మా మరిదిగారి షెడ్డు ఆసుపత్రిలా ఉందండి" అంది. పొరుగువాడిది ఏదీ ఆశించకూడదని సండే స్కూల్లో పిల్లలకు ఏళ్ల తరబడి చెబుతున్నవాణ్ణి. తోడల్లుడు పొరుగువాడు కాడు కదా అని ఆ రోజు నాకు నేనే వ్యాఖ్యానం చెప్పుకున్నాను.

ఆదివారాలు అతనూ మా సంఘానికే వస్తాడు. ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద అతన్నే సలహా అడిగాను.

"మీకు చిన్నది చాలండి అన్నయ్యగారూ. మెరవని రకం తీసుకోండి. షెడ్డులో వెలుతురుకి అదే నయమండి."

"నీకు పెద్దది, నాకు చిన్నదా?"

"అబ్బే, అలా కాదండీ..."

మిగతాది నేను వినలేదు. నన్ను చిన్నగా ఉంచడానికే అలా చెబుతున్నాడనుకున్నాను. మర్నాడే రాజోలు వెళ్లాను. "ఇది సినిమాలు చూసుకునేవాళ్లు తీసుకుంటారండి" అని కొట్టాయన చెప్పినా వినకుండా, అతనిదానికంటే బెత్తెడు పెద్దది, అద్దంలా మెరిసేది తెచ్చాను. కాలవ గట్టు మీద వెళ్లేవాళ్లందరికీ కనబడేలా గుమ్మానికి ఎదురుగా బిగించాను.

తెల్లారి ఎండ కాలవ నీళ్ల మీద పడి, అక్కణ్ణించి తిన్నగా స్క్రీనులోకి వచ్చింది. అంకెల మీద నీళ్లు కదులుతున్నట్టే ఉంది. ఎనిమిదిని మూడని చదివి, మంచి ఇరుసును సన్నగా చెక్కేశాను. అవతల రైతు దాని కోసం చెరువు దగ్గర కూర్చుని ఉన్నాడు. నాకు మాత్రం తోడల్లుడి మీదే కోపం వచ్చింది, అతని మాట నిజమైనందుకు.

ఆ ఆదివారం ప్రభువు బల్ల. మా సంఘంలో నెలకోసారి రొట్టె పళ్లెం వరసలో చేతులు మారుతూ వస్తుంది. సహోదరుడి మీద మనసులో ఏదైనా పెట్టుకున్నవాడు తీసుకోకుండా పక్కకి అందించాలి. నేను అలా అందించిన రోజు అంతవరకూ లేదు. పళ్లెం తోడల్లుడి చేతి నుంచే నా చేతికి వచ్చింది. అబద్ధంతో దేవుడి బల్లను ముట్టుకునే ధైర్యం నాకు లేదు. పక్కవారికి ఇచ్చేశాను. ఆడవాళ్ల వైపు నుంచి మా ఆవిడ తల తిప్పి చూసింది.

అందరూ లేచాక అతన్ని బోరింగు దగ్గరికి పిలిచాను.

"నీ స్క్రీను చూసి నాకు కడుపు మండింది తమ్ముడూ. అందుకే నీ మాట చెవికెక్కలేదు."

అతను కాసేపు చెప్పుతో ఇసక గీశాడు. "దాంతో నేనూ ఇరుసులు పాడుచేసేనండి. ఇప్పుడది గోడకి అలంకారం. పనంతా మూలనున్న పాత చిన్నదాంతోనేనండి."

"ఆ రోజే చెప్పొచ్చుగా?"

"ఆయ్, చెబ్దావనే అనుకున్నానండి. పని నేర్పినవారు కదా, నవ్వుతారేమోనని..."

నేను నవ్వలేదు. బండి మీద ఇంటికి వస్తుంటే మాత్రం లోపల ఎంతో హాయిగా ఉంది. దేవుడిచ్చిన శాంతి అనుకున్నాను. రెండు రోజులు మోకరించాక గాని ఒప్పుకోలేకపోయాను, అతని స్క్రీనూ పనికిరానిదే అన్న సంతోషమది.

మెరవని చిన్నది కొని, కాలవ మెరుపు పడని మూలన బిగించాను. కొలతలు సరిగ్గా వస్తున్నాయి. ఆ సంతోషం మాత్రం పోలేదు.

మళ్లీ బల్ల రోజున పళ్లెం అతని చేతిలోంచి అందుకుంటూ చెవిలో చెప్పాను. "నీ స్క్రీను పనికిరాదంటే సంతోషించేను తమ్ముడూ. అది కూడా క్షమించు."

"ఆయ్, అలాగేనండి. ముందు రొట్టె తీసుకోండి బాబూ, అవతలివాళ్లు ఎదురుచూస్తున్నారు" అన్నాడు.

తీసుకున్నాను.