మట్టి కింద మందు

మా మలేరియా ఇన్‌స్పెక్టరు గారు పోయారన్న మాట నాకు పోర్ట్‌బ్లెయిర్ ఫీనిక్స్ బే జెట్టీలో, రంగత్ బోటు టికెట్ల వరుసలో తెలిసింది. చెప్పినవాడు ఆ బోటులో పనిచేసే మా పేట మనిషి.

"భయ్యా, నీకెవలూ సెప్పలేదా? చౌల్దారీలో ఇన్‌స్పెక్టర్ సాబ్ పోనారు. పొద్దున్న చాయ్ తాగి, తోటలోకెల్లి, అరటిగెల ఎంత ముదిరిందో సూసొచ్చి కుర్సీలో కూకున్నారంట. అంతే."

వరుసలో నా ముందున్న మా పేట పెద్దాయన వెనక్కి తిరిగి, "ఆకరికి కూడా తనికీ సేసే ఎల్లినాడన్నమాట," అన్నాడు. ముగ్గురం నవ్వాం. నవ్విన తరువాతే కళ్లు తడిశాయి. ఆయనను తలుచుకునేటప్పుడు ఈ క్రమమే సరైనదని నాకనిపిస్తుంది.

ఆయన పని ఏమిటో ఈ తరం పాఠకులకు చెప్పాలి. ఒకప్పుడు మన తీరాలకు వానలతోపాటే చలిజ్వరం కూడా వచ్చేది. ఇంటింటి గోడలకూ దోమల మందు కొట్టడానికి ప్రభుత్వం దళాలను పెట్టింది. కొట్టామని చెప్పినచోట నిజంగా కొట్టారా, కొట్టినందువల్ల జ్వరం తగ్గిందా అన్నది కళ్లతో చూసి పైకి నివేదించడం ఆయన ఉద్యోగం. నేను రంగత్ వైపు తిరిగే మందు దళానికి మేస్త్రీని. దినకూలీ పనే అయినా, మా ఇంట్లో సముద్రం మీద ఆధారపడని మొదటి సంపాదన అది.

వరుసలో పెట్టుకోనిదే నాకు ఏదీ గుర్తుండదు. ఆయన పద్ధతులు అలాగే గుర్తున్నాయి. చెప్పులు బయట విడిచేవారు. రమ్మనేదాకా గడప దాటేవారు కాదు. కూర్చోగానే మంచినీళ్లు అడిగేవారు. నీళ్ల బిందె లోపలి గదిలో ఉంటుంది కాబట్టి, ఇల్లాలి వెంట ఆయన చూపు కూడా లోపలి గోడదాకా వెళ్లివచ్చేది. "లెక్క అడిగితే జవాబొస్తుంది మేస్త్రీ, నీళ్లడిగితే నిజమొస్తుంది," అనేవారు. జ్వరాన్ని మాత్రం జ్వరమని అడిగేవారే కాదు. అలా అడిగితే, వేలికి సూది గుచ్చుతారన్న భయంతో పేటంతా ఆరోగ్యంగా ఉండేది. అందుకని రేవులో నిలబడి, "ఈ రోజు వేటకి ఎవరు పోలేదు?" అనేవారు. పోనివాడి ఇంటికి వెళితే దుప్పటి కింద జ్వరం దొరికేది.

మా పేటవాళ్లు శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవులకు వచ్చి స్థిరపడిన జాలర్లు. నేను చెప్పబోయే ఏడాదికి ముందటేడు వానల్లో పడవలు చాలావరకు ఒడ్డునే పడి ఉన్నాయి. తెడ్డు పట్టవలసిన చేతులు చలికి వణుకుతున్నాయి. అందుకే ఆ ఏడు వానలకు ముందే ప్రతి ఇంటికీ మందు కొట్టాం. ఆరాక గోడల మీద తెల్లటి చారలు మిగులుతాయి. దోమ వచ్చి వాలవలసింది ఆ తెలుపు మీదనే. తరువాత మా దళం వేరే ఊరికి వెళ్లింది. ఫలానా వారంలో ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వస్తారని, ఆనవాయితీ ప్రకారం ఆయన ఆఫీసు నుంచి పేటకు కబురు వెళ్లింది.

ఆయన వెంట మేమూ పేటలో దిగాం. ఇళ్లన్నీ మెరిసిపోతున్నాయి. తడకల గోడలన్నిటికీ కొత్తగా ఎర్రమట్టి మెత్తి, అంచుల వెంట ముగ్గు గీతలు పెట్టారు. పేటకు పెద్దదిక్కయిన అవ్వ కొబ్బరిబోండాం పట్టుకొని ఎదురొచ్చింది. ఆయన గోడ మీద అరచేయి ఆనించి చూసుకున్నారు. ఎరుపే తప్ప మందు తెలుపు లేదు.

"మందేదమ్మా?"

"ఎక్కడికి పోద్ది బాబూ? మట్టి కింద సక్కగా తొంగుంది."

"ఆ సంగతి దోమకి తెలియాలి కదా."

"ఆపీసరొస్తన్నాడని నువ్వే కబురెట్టినావు. ఇంటికి పెద్దమనిసొస్తే మచ్చల గోడలు సూపిత్తామేటి? మాకు మరేద తెల్దనుకున్నావా?"

నా వెనక దళంలో ఒకడు గొణిగాడు: "మన నౌకరీ కూడా ఆ మట్టి కిందే, భయ్యా."

నిజమే. నివేదికకు రెండు దారులే కనిపించాయి. పని పూర్తయిందని రాస్తే మాకు పేరు, పేటకు మళ్లీ జ్వరం. జరగలేదని రాస్తే పేటకు మందు, మాకు ఇంటిదారి. ఆయన అరుగు మీద కూర్చుని, బోండాం పూర్తిగా తాగి, కాగితం తీశారు. రాసింది మాకు చదివి వినిపించారు: మందు కొట్టిన మాట నిజం, అధికారి వస్తున్నాడన్న కబురుతో గోడలు అలికిన మాటా నిజం, కబురు పంపించింది ఈ సంతకం చేసినవాడే, కనుక దళాన్ని మార్చకుండా, రెండోసారి మందు మాత్రం పంపవలెను.

"సాబ్, మీమీదికి రాదా?" అన్నాను.

"వస్తే రానీ. చూడబోయి చెరిపేశాను. చూసినవాడు తన చెయ్యి ఎంత తగిలిందో కూడా రాయాలి, మేస్త్రీ."

పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఆయనకు మందలింపు వచ్చిందని తరువాత తెలిసింది. మాకు మాత్రం మబ్బులు కమ్మేలోపే బోటు వచ్చింది. మందు బస్తాల మధ్య, ఎవరికీ చెప్పకుండా, ఆయనే కూర్చుని వచ్చారు. పేట కంగారుపడింది. "కబురెట్టకండా రావడమేటి, ఇంట్లో కూరైనా లేదు," అని అవ్వ తిట్టింది. "అందుకే వచ్చానమ్మా," అన్నారు.

ఆ రెండు రోజులూ మాతోపాటు ఇంటింటికీ తిరిగారు. అలకడానికి చేతులు దురదపెడితే వాకిలి అలుక్కోమని అవ్వను ఒప్పించారు. గోడల జోలికి రానని ఆవిడ మాటిచ్చింది, నిలుపుకుంది కూడా. ఆ వానల్లో పడవలు వేటకు వెళ్లాయి. మా దళమూ చెదరలేదు.

ఆయన తిరిగి వెళ్లిన మధ్యాహ్నమే నాకు ఎక్కువగా గుర్తొస్తుంది. అవ్వ ఇంట్లో చాప మీద, ఆరిన గోడకు వీపు ఆనించి, వేయించిన చేపతో అన్నం తిన్నారు. లేచి బయలుదేరితే నీలం చొక్కా వీపంతా తెల్లగా ఉంది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చెప్పబోయిన నన్ను అవ్వ మోచేత్తో పొడిచి ఆపింది. ఆయన హుందాగా రేవుదాకా నడిచి, అందరికీ నమస్కారం పెట్టి, బోటు ముందుభాగాన అటు తిరిగి నిలబడ్డారు. బోటు మడచెట్ల మలుపు తిరిగేదాకా, మా గోడల తెలుపు ఆయన వీపు మీద కనిపిస్తూనే ఉంది.