మస్తాన్‌బీ గడి కింద నేను వేసిన తేదీ

ఇరవై ఎనిమిదేళ్లుగా ఒక తేదీ నా మీద బరువుగా ఉంది. 1997 జూన్ 11, బుధవారం. ఒక కాగితం అడుగున నా చేత్తో వేసిన తేదీ అది. ఆ బుధవారం నాటికి ఆ కాగితం లేదు.

నాకిప్పుడు ఎనభై. తేదీల్లో, లెక్కల్లో నన్ను ఎవరూ తప్పు పట్టలేదు. పట్టనివ్వలేదు అనడం సరైన మాట. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పలేనని తేలాకే మీకు రాస్తున్నాను.

ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కేవాళ్ల సంఘం ఒకటి ఉండేది. అక్కడ కాగితాల పని నాది. మా ఊరు ఆత్మకూరు. సోమవారం బస్సులో వెళ్లి శనివారం తిరిగొచ్చేదాన్ని. అంతకుముందు బడిలో లెక్కలు చెప్పాను కాబట్టి అందరికీ టీచరమ్మనే.

ఆ ఏడాది ఏప్రిల్‌లో మద్రాసు కంపెనీ ఒకటి మూడు వేల స్పూన్లు కావాలంది. ఒక షరతు పెట్టింది. కర్ర దిగిన దగ్గర్నుంచి పెట్టె కట్టేదాకా మా పని ఎలా నడుస్తుందో పటంగా గీసి జూన్ నెల సగానికి ముందే చేర్చాలి. ఆ పటం వాళ్ల ప్రమాణంలో ఉండాలి. ఏ పనికి ఏ గుర్తు, ఏ గడి నుంచి గీత ఎటు పోవాలి, అన్నిటికీ నియమాలు. వాటి కోసం ఒక పుస్తకం, గుర్తులు కోసిన పచ్చ ప్లాస్టిక్ బద్ద, ఒక ఫ్లాపీ పంపారు.

నియమాలంటే నాకు ఇష్టం. సంబరంగా మొదలుపెట్టాను.

పుస్తకం తొంభై ఆరు పేజీల జిరాక్సు. నలభై ఒకటి నుంచి నలభై ఎనిమిది దాకా లేవు. వేచి ఉండే పనికి గుర్తేమిటో మూడో అనుబంధంలో చూడమంది. ఉన్నవి రెండే అనుబంధాలు. పుస్తకంలో చతురస్రం అంటే పరీక్ష. బద్ద మీద అదే చతురస్రం పక్కన నిల్వ అని అచ్చయి ఉంది. మూడు ఉత్తరాలు రాశాను. మూడోదానికి జవాబుగా అదే పుస్తకం ఇంకో ప్రతి వచ్చింది. అందులోనూ ఆ ఎనిమిది పేజీలు లేవు.

ఫ్లాపీ ఆడే కంప్యూటరు ఆత్మకూరులో ఒక శిక్షణ కేంద్రంలో ఉండేది. పని రోజుల్లోనే ఉదయగిరి నుంచి తొమ్మిది సార్లు వెళ్లాను. అది ప్రతి గడికీ ఎంత సమయమో అడిగేది. ప్రతి పరీక్షకూ రెండే దారులు ఇచ్చేది, అవును, కాదు. మూడో గీత గీస్తే పటమంతా అచ్చు వేయనని మొండికేసేది. ఎందుకో చెప్పదు. ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెకు అర్థం నలభై మూడో పేజీలో ఉందట.

మా పనిలో దానికి లొంగనిది ఒక్కటే. మస్తాన్‌బీ పని.

మస్తాన్‌బీకి అప్పటికే అరవై దాటాయి. కర్రను మొరటుగా స్పూను ఆకారానికి చెక్కి నీడలో ఆరబెడతారు. ఆమె రోజూ వచ్చి ఒక్కో ముక్కను మెడ దగ్గర గోటితో కొట్టి చెవికి ఆనించుకునేది. ఆరిందైతే చెక్కేవాళ్ల తట్టలోకి. పనికిరానిదైతే పొయ్యిలోకి. మూడోరకానికి "ఇంకా" అనేది, మళ్లీ నీడలో పెట్టేది. ఎన్ని రోజులు? కొన్నిటికి పది, కొన్నిటికి ఇరవై. అది కర్రను బట్టి, గాలిని బట్టి. "ఇంకా" అనే మాటకు ఆ ప్రమాణంలో దారి లేదు.

జూన్ 10న, తొమ్మిదోసారి, ఆమె గడి తీసేశాను. "ఆరబెట్టుట, పది రోజులు" అని ఒక్క గడి పెట్టాను. పటం వెంటనే అచ్చయింది. ఒక్క గీత కూడా దారి తప్పలేదు. ఎంత అందంగా ఉందో. గడువు భయంతో అలా చేశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ అందం చూసి నేను పొందిన సంతోషమే పెద్దది.

మర్నాడు సంఘం పెద్దలు పటం చూడకుండానే దానితో పంపే ఉత్తరం మీద సంతకాలు చేశారు. కవరు అంటిస్తుండగా మస్తాన్‌బీ ఆఫీసు కిటికీ దగ్గరకొచ్చింది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆఫీసుకని ఉంచుకున్న ప్రతిలో ఏ గడి ఎవరిదో వేలు పెట్టి చూపించాను.

"ఏంది టీచరమ్మా, పెట్టెకు మేకులు కొట్టేవాడికి గూడా గడి ఉండాది, నాకు లేదే? నన్నూ పొయ్యిలో ఏసినావా?" అని నవ్వింది.

నేనూ నవ్వాను. పదో రోజుకల్లా అన్నీ చెక్కేవాళ్లకు వదిలేయమని, కంపెనీ నియమమని చెప్పాను. ఆమె నవ్వు తగ్గింది. "నీకు తెలవందా" అని వెళ్లిపోయింది. చెప్పినట్టే చేసింది.

ఆగస్టులో సరుకు వెళ్లింది. అక్టోబరు 6న ఉత్తరం వచ్చింది. నాలుగు వందల పన్నెండు స్పూన్లు మెడ దగ్గర పగిలాయి. కర్రలో తడి ఉంది. తప్పు ఎవరి చేతిదో తేల్చి రాయండి అన్నారు.

పెద్దలు గురువారం కూర్చుంటామన్నారు. బుధవారం ఆఫీసు ప్రతి తీసి చూశాను. తర్వాత తలుపు మూసి, పచ్చ బద్ద పెట్టి, కొత్త కాగితం మీద పటమంతా చేత్తో మళ్లీ గీశాను. ఆరబెట్టిన తర్వాత ఒక చతురస్రం. "పరీక్ష, మస్తాన్‌బీ." అక్కడి నుంచి మూడు గీతలు. చేత్తో గీస్తే మూడు గీతలకూ చోటు సరిపోయింది. అడుగున జూన్ 11 అని వేశాను. పాతదాన్ని చించేశాను.

గురువారం పెద్దాయన మస్తాన్‌బీని అడిగాడు, "ఏందమ్మా, తడి కర్ర ఎట్ల వదిలినావు?"

"టీచరమ్మ పదో రోజుకు వదలమన్నాది."

అందరూ నా వైపు చూశారు. నేను కాగితం ముందుకు జరిపాను. ఆమె చతురస్రం మీద వేలు పెట్టింది. ఆ గోరు ఒక పక్కకు అరిగిపోయి ఉంది.

"ఇది నా గడేనా?"

"నీదే."

"ఆ పొద్దు లేదే?"

"ఉంది. కింద తేదీ చూడు."

చదువు రాని మనిషితో తేదీ చూడమన్నాను.

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. "అట్లయితే నాకే మతి తప్పినాదేమో. తారీఖులు మరిచే మనిషివి కాదు గదా నువ్వు" అంది. అది ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైతే ఈపాటికి మరిచిపోయేదాన్ని. ఆమె నన్ను నమ్మింది. నన్ను నమ్మడం కోసం తనను తాను నమ్మడం మానేసింది.

తర్వాత సంఘం ఆమెను పిలవలేదు. వీధిలో సొంతంగా చెక్కుకునే ఇళ్లవాళ్లూ పిలవడం మానేశారు. మరుసటేడు వేసవిలో మస్తాన్‌బీ కోడలు బస్టాండులో కనిపించి చెప్పింది. ఇంట్లో చెక్క ముక్క తీసుకుని కొడుతుందట. మళ్లీ కొడుతుందట. "నీకేమన్నా తెలుస్తాదా?" అని కోడలి చెవికి ఆనిస్తుందట. నేను తలూపి బస్సెక్కాను.

మద్రాసులో ఉన్న అచ్చు ప్రతిని ఎవరైనా తీసి చూస్తారని ఏడాదిపాటు భయపడ్డాను. ఎవరూ చూడలేదు. అసలు ఎవరైనా ఎప్పుడైనా ఆ పటం చదివారా? తొమ్మిది ప్రయాణాలు చేసి గీసిన పటం అది. ఆ అచ్చు కాగితం మీద పెన్నుతో, ఇక్కడ మస్తాన్‌బీ సరేననేదాకా ఆగాలి, అని ఒక్క వాక్యం రాసి పంపి ఉండొచ్చు. ఎవరు కాదనేవారు? పెద్దల ముందు, నేనే వదలమన్నాను, అంటే ఏం పోయేది? ఉద్యోగం పోయేది కాదు. ఇలాంటి తప్పుకు అక్కడ ఎవరి ఉద్యోగమూ పోలేదు. నేను తప్పు చేయనన్న పేరు పోయేది. దాన్ని దక్కించుకోవడానికి ఆమె చెవిని తీసుకున్నాను.

ఇంకో మాట. నేను కలిసి పనిచేసినవాళ్లలో పోయినవాళ్లందరి తేదీలూ నా డైరీలో ఉన్నాయి. మస్తాన్‌బీది లేదు. ఆమె పోయిందని వింజమూరు బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నాను. ఎప్పుడని అడగలేదు.

క్షమించమని అడగడానికి ఆమె లేదు. మీరు క్షమించినా అది ఆమెది కాదు. నేను చేయగలిగింది తేదీలు సరిదిద్దడం ఒక్కటే. ఆమె గడి లేని పటం వెళ్లింది 1997 జూన్ 11న. ఆమె పేరున గడి గీసింది అక్టోబరు 8న. రెండూ బుధవారాలే. రెండూ నేను చేసినవే. మస్తాన్‌బీకి ఆ పొద్దు మతి తప్పలేదు.